రెండు జెండాల నాయుడి బావి

కోట వెనకాల దిగుడుబావి ఉందా, పొద్దుగూకితే గొడ్లు కూడా అటు పోవు. ఎందుకో తెలుసునా? అందులో ఒకప్పుడు ఆ కోటనేలిన సింగమనాయుడు ఉన్నాడు. ఆయన వంశమంతా గెలిచేవాళ్ళ పక్షమేనంట. తాత నవాబు మనిషి, తండ్రేమో నవాబును వదిలి ఫ్రెంచివాళ్ళతో చేరి, వాళ్ళు ఓడేసరికి కుంఫిణీ దొరలకు దండం పెట్టాడు. సింగమనాయుడు ఇంకా తెలివైనోడు కదా, మళ్ళీ యుద్ధమొస్తే పెద్దకొడుకుని కుంఫిణీ దండులోకీ చిన్నోణ్ణి నవాబు దండులోకీ పంపి, ఎవరు గెలిచినా కోట మనదేనన్నాడు.

భార్య అక్కమ్మకు మాత్రం తిండి సయించలేదు. "పిల్లలిద్దరూ ఎదురుపడితే ఏం చేస్తారండీ?" అని అడిగింది.

"కొట్టుకున్నట్టు నటిస్తార్లేవే" అన్నాడు.

ఇంతలో నవాబు గెలిచాడని కబురొచ్చింది, నాయుడు కోట మీద నవాబు పచ్చజెండా ఎగరేశాడు, ఎగరేసి మీసం దువ్వుకుంటుంటే గుట్ట మీద ఏం కనపడింది? కుంఫిణీ దండు! వెంటనే ఆ జెండా పీకి, దాన్ని బావిలో పడేద్దామని పరుగెత్తి, గుడ్డ కాళ్ళకు చుట్టుకుని, పాచిమెట్ల మీద జారి మునిగిపోయాడు. పాపం, దాని బదులు ఎగరేద్దామనుకున్న కుంఫిణీ జెండా చంకలోనే ఉంది.

కొడుకులిద్దరూ ప్రాణాలతో వచ్చారు, వచ్చి నాన్న మావాడంటే మావాడని శవం దగ్గరే తగువుకి దిగారు. అక్కమ్మ ఇద్దరి చెవులూ మెలేసి, ఆయన ఎవరివాడూ కాదు, నావాడు, నోరుమూసుకుని పాడె మొయ్యండి అంది. కోట మాత్రం దొరలు తీసేసుకున్నారు.

అప్పట్నుంచీ సందెవేళ బావిలోంచి "ఎవరు గెలిచారూ?" అని వినపడుద్ది. మొన్నామధ్య బర్రెను వెతుక్కుంటూ పోయిన ఓబులేసు ఆ మాట విని, నవాబూ పోయాడు దొరలూ పోయారు, ఇప్పుడు ఓట్లు సామీ అన్నాడంట. నువ్వెవరికేస్తావని అడిగితే, ఎవరి మనుషులు వింటున్నారో ఏమోనని, ఇద్దరికీ మాటిచ్చానన్నాడంట. అంతే! "మా వంశపోడివిరా!" అని చల్లని చెయ్యొకటి వాణ్ణి పట్టుకుంటే, పంచె అక్కడే వదిలేసి ఊళ్ళోకొచ్చి పడ్డాడు. జొరం తగ్గింది గానీ, కూడు తింటావా అని పెళ్ళామడిగినా ఇప్పటికీ నీ ఇష్టమంటాడు.

కాబట్టి అటు పోబాకండి. ఎలక్షన్లప్పుడైతే అసలే వద్దు. అప్పుడాయన పైమెట్టు దాకా వచ్చి కూర్చుంటాడు.