జానకీబాయి పక్క కుర్చీ

రేపు సాయంత్రం బెల్లంపల్లిలో జానకీబాయికి సన్మానం. ఈ ఊరి నాటకాల్లోనే మొదలై, టీవీ సీరియళ్ళలో ఇరవై ఏళ్ళు ఏడ్చి, ఇప్పుడు హైదరాబాదులో నటన నేర్పుతున్న మనిషి ఆమె. వేదిక మీద ఆమె పక్కన ఒక్క కుర్చీ ఖాళీ ఉంది. దాని మీద కన్నేసిన లక్ష్మీరాజం, బొగ్గుబాయి నుంచి రిటైరైన పెద్దమనిషి, సన్మానం కమిటీ కార్యదర్శి ఓంప్రకాశ్‌ని ఐలవ్వ చాయ్ హోటల్లో పొద్దున్నే దొరకబుచ్చుకున్నాడు.

"నేను గొప్పలు చెప్పుకునేటోన్ని కాదు ఓంప్రకాశూ," అని మొదలుపెట్టాడు. ఆ మాట వినగానే ఐలవ్వ స్టవ్వు మంట తగ్గించింది, ఇక చాయ్‌కి తొందర లేదని.

"నలభై ఏండ్ల కింద క్లబ్బుల నాటకమాడితిమి. జానకి అప్పుడు చిన్నపిల్ల, గజగజ వణుకుతుండె. 'బిడ్డా, జనాన్ని చూడకు, నన్ను చూడు' అన్న. చూసింది. అటెన్క ఏమైందో ఎరుకేనా?"

"ఏమైంది కాకా?" అడగకపోతే వదలడని ఓంప్రకాశ్ అడిగాడు.

"ఏడ్సింది! నేను నేర్పిన ఏడుపాయె! మూడు వేల మంది తువ్వాలలు పిండుకున్నరు. గా కండ్లనీళ్లు పోయి పోయి బాయిలకు దిగినయి. మూడు దినాలు మోటర్లు వెట్టి తోడిన్రు, షిఫ్టులు బంద్!"

"గప్పుడు వానకాలం గదా అన్నా," అంది ఐలవ్వ.

"వాననీళ్లు ఉప్పగుంటయా? నేను నాలుక మీద ఏసుకొని మరీ చూసిన!"

రుజువు చూపించాక ఇంకేం మాట్లాడతారు? లక్ష్మీరాజం నాటకం దిగి టీవీ కథల్లోకి ఎక్కాడు.

"సీరియల్ల ఏడుపు సీనుంటే నాకు ఫోన్. నేనిక్కడ ఏడుస్తుంటే అక్కడామె అందుకునేది. ఓసారి నాకు జరమొచ్చి వారం ఫోనెత్తలే. గా వారం అత్త కోడల్ని తిట్టనే లేదు, ఇద్దరు కలిసి సినిమాకు పోయిన్రు! ఇగ నటన బడి పెట్టినప్పుడైతే, పెద్ద సారుగా ఉండుమని హెలికాప్టరే తోలిచ్చింది. గీ హోటల్ ముంగటి గ్రౌండ్ మీద చక్కర్లు కొడుతున్నది. బర్రె ఈనేటట్టుంది, రానన్న. పైలట్‌కు చాయ్ తాపిచ్చి వాపస్ పంపిన."

"నా దగ్గరికి ఏ పైలట్ రాలే," అంది ఐలవ్వ.

"దిగుడెందుకని పైనుంచే చెయ్యి చాపిండు. అందిచ్చిన."

ఓంప్రకాశ్ పేరు రాసుకోవడానికి పెన్ను తీశాడు. లక్ష్మీరాజం బెంచీ మీద ముందుకు జరిగాడు. ముప్పై ఏళ్ళు భూమి లోపల పనిచేసిన మనిషిని ఊరు ఒక్కసారీ పైకెక్కించి చూడలేదు. ఆ బాధ మాత్రం కోతలు కోసింది కాదు.

మూల బెంచీ మీద అరుణ్‌కుమార్ గ్లాసు పక్కన పెట్టాడు. ఈమధ్యే బదిలీ మీద వచ్చిన బడిపంతులు. కరీంనగర్‌లో జానకీబాయి పంతుళ్ళకిచ్చిన పదిరోజుల శిక్షణకు పోయొచ్చాడు.

"మీ పేరు లక్ష్మీరాజమేనా సార్? మేడం మొదటిరోజు మొదటి పాఠం మీ గురించే చెప్పింది."

లక్ష్మీరాజం ఛాతీ పొంగింది. "విన్నవా ఓంప్రకాశూ? చెప్పు సారూ, జర గట్టిగ చెప్పు. అందరు వినాలె!"

అరుణ్‌కుమార్ గట్టిగానే చెప్పాడు. "మీది పోస్టుమాన్ వేషమట. 'అమ్మా, ఉత్తరమొచ్చింది', గదొక్కటే డైలాగట. జనాన్ని చూసి మీరు కొయ్యబారిన్రట. మాట అనలే, ఉత్తరమియ్యలే, వాపస్ గూడ పోలే. మేడమే ఉత్తరం గుంజుకొని, మీ మాట గూడ తనే చెప్పి నాటకం నడిపిందట. ఆఖరికి భర్త సచ్చిపోయే సీన్ల గూడ పోస్టుమాన్ మంచం పక్కన్నే నిలవడున్నడట! ఎదుటోడు కొయ్యబారితే ఏం చెయ్యాల్నో గా రోజే నేర్సుకున్నదట. మాకు దాని పేరే లక్ష్మీరాజం పాఠం."

హోటలంతా ఘొల్లుమంది. ఐలవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"మరి కుర్చీ?" అన్నాడు ఓంప్రకాశ్, నవ్వు ఆపుకుంటూ.

"కుర్చీ వద్దు," అన్నాడు అరుణ్‌కుమార్. "మేడం సన్మానం నాడు గా మనిషి దొరికితే స్టేజి మీదికి తీస్కరమ్మన్నది. ఊకె నిలవడితే సాలట, పిల్లలకు పాఠం చూపెడ్తదట. డైలాగేం లేదు."

లక్ష్మీరాజం నోరు తెరిచాడు. చుట్టూ ఉన్న మొహాలను చూశాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది, మాట మాత్రం రాలేదు.

"ఆఁ, గిదే!" అన్నాడు అరుణ్‌కుమార్ సంబరంగా. "రేపు గూడ అచ్చం గిట్లనే నిలవడుండ్రి సార్."