మాణిక్యాంబ మాత్రలు

రాజమహేంద్రవరంలో గుండె డాక్టరు గది. రావులపాలెం దగ్గర అరటి సాగుచేసే జగన్నాథరావు, పక్కన పెళ్ళయిన కూతురు సత్యశ్రీ.

“నా గుండె చెడగొట్టింది భాస్కరం. రాసుకోండి.”

“భాస్కరం ఎవరండీ?”

“మా అమ్మకి మేనబావండీ డాక్టరుగారూ. నాన్నా, గుండె ఎందుకు లయ తప్పుతోందో చూద్దామని ఆయన అడుగుతుంటే...”

“అదే చెబుతున్నా. చేసుకోవలసినవాడు వాడు. చేసుకున్నది నేను. మాణిక్యాంబ చచ్చేదాకా వాణ్ణి ‘బావా’ అంది. నన్ను ‘ఏమండీ’ అంది.”

“దీనికి కారణాలు చాలా ఉంటాయండి. కాఫీ?”

“పొద్దున్నొకసారి.”

“చుట్ట? తాగుడు?”

“ఆ అలవాట్లు వాడివి.”

“వాల్వులు బాగున్నాయి. బీపీ లేదు. రక్తంలో థైరాయిడ్ మాత్రం మితిమీరి ఉంది. అదెక్కువైతే గుండె ఇలాగే దారి తప్పుతుంది. మాత్రలేమైనా వాడుతున్నారా?”

“లేదు.”

“రోజూ పరగడుపున ఏదో వేసుకుంటున్నావు కదా నాన్నా? బలానికన్నావు.”

“బలానికే.”

“ఆ జేబులోదేంటి? ఇలా తే. తే నాన్నా... అయ్యో, ఇవి అమ్మవి!”

“ఏదమ్మా... థైరాయిడ్ మాత్రలే. ఆవిడకి ఆ గ్రంథి సరిగ్గా పనిచెయ్యక ఇచ్చుంటారు. మీకెందుకండీ?”

“తెలుసుకుందామని.”

“ఏంటి నాన్నా తెలుసుకునేది?”

“పొద్దుగూకులూ ముడుచుకు పడుకునే మనిషి. వాడు ఇక్కణ్ణుంచి ఇవి తెచ్చివ్వడం మొదలెట్టాక లేచి తిరిగింది. పూలు పెట్టింది. నవ్వింది. ఆ నవ్వు మాత్ర వల్ల వచ్చిందా, వాడి వల్లా?”

“మీకొచ్చిందా?”

“రాలేదు. అంటే, వాడి వల్లే.”

“మీకా లోపం లేదు కాబట్టి దడొచ్చిందండీ. ఆవిడకుంది. ఒంట్లోకి సత్తువొస్తే మనిషి లేస్తుంది, నవ్వుతుంది. మాత్ర వల్లే.”

“మాత్ర వల్లా?”

“ముమ్మాటికీ. ఇవాళే మానెయ్యండి, గుండె చాలావరకు కుదుటపడుతుంది. అవునూ, ఆవిడ పోయాక కూడా ఇన్నెలా మిగిలాయి?”

“మిగిలాయి.”

“చెప్పు నాన్నా.”

“లే, బస్సు పోతుంది.”

“నే చెబుతానండీ. ‘వాడు తెచ్చింది మింగితే నా గడప తొక్కకు’ అన్నారు నాన్న. అమ్మ మర్నాటి నుంచి ముట్టుకోలేదు. మొహం వాచిపోయి, చలి చలి అంటూ మళ్ళీ మంచం పట్టింది. ఇక లేవలేదు.”

“సత్యశ్రీ.”

“మాత్ర వల్లేనట నాన్నా.”

“విన్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా ఈ మాట నువ్వెత్తొద్దు. నేనూ ఎత్తను.”