ఢిల్లీని లాగిన తాడు

హుస్సేన్ బాషా టీ బడ్డీ దగ్గర దాలయ్య నోరు తెరిచాడంటే చేతిలో టీ చల్లారిపోవాల్సిందే. ఆ సాయంత్రం పాపాయమ్మ ఖాళీ చేపల బుట్ట కింద పెట్టి, వరసకు బావయ్యే దాలయ్యతో తన దిగులు చెప్పుకుంది. మర్నాడు పొద్దున్న విద్యాశాఖ ఆఫీసరు ఈ జాలర్ల పేటలోని బడి చూడ్డానికి వస్తున్నాడు. బల్లలు ఖాళీగా కనిపిస్తే మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని పోర్టు రోడ్డుకు అవతలున్న హైస్కూల్లో కలిపేస్తారు. పాపాయమ్మ మనవడు సన్నీ మూడో తరగతి. కలిపేస్తే వాడు రోజూ బొగ్గు లారీల మధ్య నుంచి ఆ రోడ్డు దాటాలి.

"ఓస్, దీనికేనేటి!" అన్నాడు దాలయ్య. "ఢిల్లీ వోల్ల కొత్త సదువు పాలసీ మన పేటకి రావడం ఇదే మొదలేటి? పోయినేడు రాలేదా? అప్పుడు దాన్ని ఎనక్కి తోలింది ఎవులనుకున్నావ్? నానే. పెద్దగా ఏటీ సెయ్యలేదు, ఉన్నమాట సెప్పుకోవాల. మీటింగులో లేసి నిలబడ్డాను, అంతే. ఆఫీసరు కుర్సీలో కూకోని, పిల్లలకి పెద్ద బిల్డింగు, ల్యాబు, కంప్యూటర్లు అని ఊదరగొట్టేత్తన్నాడు. 'సార్, అయ్యన్నీ బాగానే ఉన్నాయి గానీ, తమరెప్పుడైనా ఆ రోడ్డు దాటారా?' అనడిగాను. మీటింగంతా గప్‌చుప్."

"ఆ మాట నానూ ఇన్నాను బావా," అన్నాడు ఆటో సత్యం. "అడిగింది హెడ్మాస్టరు కదా?"

"నోరు ఆయనది, మాట నాది. పక్కనే కూకోని సెవిలో సెప్పాను. మద్దిలో అడ్డు రాకు మరి. ఆ తర్వాత ఏటైందో తెలుసా? ఆఫీసరుకి రోసమొచ్చీసింది. 'ఎందుకు దాటలేను? ఇప్పుడే దాటుతాను పదండి' అని రోడ్డు కాడికొచ్చి నిలబడ్డాడు. లారీ ఎనకాల లారీ, లారీ ఎనకాల లారీ, సందేదీ? పొద్దున్న తెల్ల సొక్కాతో నిలబడినోడు మద్యాన్నానికి బొగ్గు పడి నల్లగైపోనాడు. వోల్లావిడ కేరేజీ అట్టుకొచ్చి, ఈయన్ని గుర్తుపట్టలేక మరొకలకి ఇచ్చీసి ఎల్లిపోనాది. ఎండాకాలం పోనాది, వానలు పోనాయి. ఇటేపు బయల్దేరినప్పుడు నల్ల మీసం, అటేపు తేలేసరికి తెల్ల గడ్డం. అవతల గట్టు మీద కాలెట్టాడో లేదో, 'సార్, తమరు రిటైరైపోయారు' అని దండ ఏసీసినారు."

హుస్సేన్ బాషా టీ వడగడుతూ నవ్వాడు. "భాయ్, పోయినేడు రోడ్డెక్కి ఈ ఏటికే రిటైరయ్యాడా?"

"ఆ రోడ్డు మీద కాలం అలాగే నడుత్తాది బాషా, నువ్వెప్పుడైనా దాటితే కదా తెలిసీది! సరే, ఆయన పోనాడు, ఇంకొకల్ని పంపుతారు కదా? ఇలా ఒక్కొక్కల్ని కాదు, మొదలుకే ఎల్లాలని అప్పుడు పెద్ద ఎత్తున దిగాను. పేటలో పెద్దవల తాడుందా, దాన్ని తెచ్చి ఇస్కూలు సుట్టూ కట్టీసినాను. కిటికీలోంచి దూర్చి, నల్లబల్ల ఎనకనుంచి తిప్పి, గంట కాడ ముడేసినాను. ఆ ముడి మా తాత ఏసే ముడి, సముద్రం కూడా ఇప్పలేదు. రెండో కొస అట్టుకోని ఒడ్డున నిలబడి ఒక్క కేకేసినాను: 'తాడు పట్టినోడికల్లా వాటా!' అని."

ఆ మాటకి పాపాయమ్మ తలెత్తి చూసింది. పేటలో అది కట్టుబాటు. ఒడ్డున పెద్దవల లాగేటప్పుడు తాడు మీద చెయ్యేసిన ప్రతివాడికీ చేపల్లో వాటా ఇవ్వాలి. దారినపోయేవాడైనా సరే, పట్టి లాగితే ఉత్త చేతులతో పంపకూడదు. పట్టనివాడు వల యజమాని అన్నదమ్ముడైనా వాటా అడగకూడదు.

"మన కేక అంటే తెలుసు కదా, గోపాలపట్నంలో ఇనబడింది. బజారుకి బజారే కట్టీసి జనం వొచ్చీసినారు. కూరగాయల తక్కెళ్లు సేతిలోనే ఉన్నాయి. సీతమ్మధార నుంచి డాక్టర్లు వొచ్చినారు, మెడలో గొట్టాలతో. ఒకాయనైతే ఆపరేసన్ మద్దిలో వొదిలేసి వొచ్చీసినాడు. ఆయన ఎనకాలే పేసెంటు కూడా వొచ్చి తాడట్టుకున్నాడు, కుట్లు తర్వాత ఏసుకుందాంలే అని! పద్మనాభం రైతులు నాట్లు ఏసేవోల్లు ఏసినట్టే బస్సెక్కి వొచ్చీసినారు, మోకాలిదాకా బురద."

"బస్సులో కండక్టరు ఊరుకున్నాడేటి?"

"కండక్టరు తాడు కాడే ఉన్నాడు రా సత్యం! ఇన్నావా మరి? డ్రైవరు కూడా. బస్సు దానంతటదే వొచ్చింది. ఆ తర్వాత హార్బరులో ఓడలకి తెలిసిపోనాది. ఒకోటీ భోఁ అని కూత పెట్టడం మొదలెట్టాయి. సైనా ఓడ కెప్టెను దుర్బిణీలోంచి సూసి, ఏటీ గొడవని మైకులో అడిగాడు. 'ఇస్కూలు బాబూ, మా ఇస్కూలు ఎత్తుకుపోతన్నారు' అన్నాను. ఆయన కళ్లంట నీల్లెట్టుకున్నాడు. 'మా వూర్లోనూ ఇలాగే సేసారు భాయ్' అని లంగరు ఇప్పి ఇస్కూలు గుమ్మానికి తగిలించీసినాడు, ఎవులూ కదపకుండా."

"చైనావాడు తెలుగులో మాట్లాడాడా భాయ్?"

"దుక్కానికి బాసేటి బాషా? సముద్రం ఊరుకుందనుకున్నావా? అలలు ఆగిపోనాయి. సందువలు, వంజరాలు, కానాగంతలు, సేపలన్నీ ఒడ్డుకొచ్చి, ఎత్తు పెకారం లైనులో నిలబడ్డాయి, పొద్దున్న ప్రేయరుకి పిల్లలు నిలబడినట్టు. పొట్టియ్యి ముందు, పొడుగియ్యి ఎనక. ఒక సొర అల్లరి సేత్తే నానే సెవి మెలేసినాను."

"సొరకి సెవులుంటాయా?" అంది పాపాయమ్మ మొదటిసారి నోరు విప్పి.

"ఆ దినం మొలిసాయి! ఇంకేటి, అందరం కలిసి 'హైలెస్సా' అని తాడు లాగడం మొదలెట్టాం. తాడు సాగిపోతంది. తుని దాటింది, బెజవాడ దాటింది, ఆ నాగపూరో ఏదో దాటింది. ఎల్లి ఎల్లి ఢిల్లీలో పాలసీ రాసిన పెద్దాఫీసు స్తంభానికి సుట్టుకుంది. మరొక్క లాగు. ఆ బిల్డింగు కదిలిందిరా! ఏసీలతో, గుమస్తాలతో, కేంటీనుతో సహా జారుకుంటూ వొచ్చి పద్మనాభం పొలాల్లో ఆగింది. పెద్దాఫీసరు కిటికీ తీసి బయటికి సూసి, 'ఏం బాబూ, ఇది ఏ స్టేసన్?' అనడిగాడు. 'పద్మనాభం సార్. ఇంకొక్క లాగు లాగితే భీమిలి, ఆ మీద సముద్రమే. ఈత వొచ్చా తమకి?' అన్నాను. ఆయన అక్కడికక్కడే మైకట్టుకోని, ఈ పేట ఇస్కూలు జోలికి ఎవులూ ఎల్లకండి అని సెప్పీసినాడు. సరే పోనీ పాపమని తాడు వొదిలాను. బిల్డింగు సర్రున జారి ఢిల్లీలో దాని సోట్లో అది కూకుండిపోనాది. అందుకే ఢిల్లీ నుంచొచ్చే రైలు ఇప్పటికీ లేటు. ఆ దినం పట్టాలు సాగిపోనాయి మరి!"

సత్యం పొట్ట పట్టుకుని నవ్వాడు. హుస్సేన్ బాషా కళ్లు తుడుచుకున్నాడు. దాలయ్య మీసం దువ్వి, బల్లకు చేరబడ్డాడు.

"అంచేత పాపాయమ్మా, నువ్వు నిబ్బరంగా పోయి పడుకో. రేపు ఆఫీసరు నా పేరింటే రోడ్డవతలే ఉండిపోతాడు."

పాపాయమ్మ నవ్వలేదు. "పోయినేడు మీటింగైనాక ఆఫీసరు బడి సూడ్డానికి రాకపోడానికి తుపాను బావా. సెలవిచ్చేసినారు. ఈ ఏడు మబ్బు లేదు, గాలి లేదు. రేపొత్తాడు."

"వొత్తే రానీ. తాడు ఉంది కదా."

"ఆ తాడు గురించే అడుగుతన్నాను. లాగినోల్లకి ఏటిచ్చావ్ వాటా?"

"ఇస్కూలే వాటా! పట్టిన పెతీవోడి పిల్లకీ ఆ బల్ల మీద సోటు."

"మరి నీకు?"

"నాకా? అందరికన్నా ముందు పట్టినోన్ని. పెద్దవాటా నాదే!"

అప్పుడే సందు మొగలో హారన్ మోగింది. పసుపు రంగు కాన్వెంటు బస్సు వచ్చి బడ్డీ ముందు ఆగింది. టై కట్టుకుని, బూట్లేసుకుని, వీపు నిండా సంచితో దాలయ్య మనవరాలు అనూరాధ దిగింది. "తాతా!" అని వచ్చి అతని మోకాలు పట్టుకుంది. ఆ పిల్లదీ మూడో తరగతే. పేటలో బడి వాళ్లింటి ఎదురుగానే ఉంది.

సత్యం నవ్వు ఆపేశాడు. అతని కొడుకూ ఆ బస్సులోనే ఉన్నాడు, తర్వాతి సందులో దిగుతాడు. హుస్సేన్ బాషా అవసరం లేకపోయినా గ్లాసులు కడగడం మొదలెట్టాడు.

పాపాయమ్మ బుట్ట ఎత్తుకుంది. "సైనా ఓడని తెచ్చావ్, సొరసేపని తెచ్చావ్, ఢిల్లీని పద్మనాభం దాకా లాక్కొచ్చావ్. ఎదురింట్లోంచి నీ మనవరాలు గుంటని మాత్రం ఆ గుమ్మం దాటించలేకపోనావేటి బావా? నాను ఇంటింటికీ తిరిగి అడుక్కున్నాను. అందరూ ధర్నాకైతే వొత్తామంటారు. బల్లలు ఖాళీ అని కదా బడి తీసేత్తన్నారు! ఆ బల్ల మీద మీ పిల్లలే లేకపోతే తాడు పట్టిందెవులు?"

దాలయ్య మనవరాలి వీపు మీది సంచి తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు. దాని బరువుకి ఒకసారి ఆశ్చర్యపోయాడు. సిగ్గేసింది, ముఖం మీద అది దాగలేదు కూడా. కానీ దాలయ్య దాలయ్యే కదా, గొంతు సవరించుకున్నాడు.

"సూడు పాపాయమ్మా, రేపు పొద్దున్న గంట కొట్టేసరికి ఆ బడి గుమ్మం కాడికి వెయ్యిమంది పిల్లల్ని..."

"వెయ్యిమందొద్దు బావా," అంది పాపాయమ్మ, అనూరాధ తల నిమిరి. "ఈ ఒక్కర్తినీ తీసుకురా, సాలు."