అక్క దాటించిన పళ్లెం

ఎవరు చెప్పారమ్మా నీకు, మీ అమ్మమ్మ పగబట్టిన మనిషని? వాళ్ల నోటికి అడ్డా ఆపా. ఆ కుర్చీ కాలు ఊగుతుంది, ఇటు మంచం మీద కూర్చో. మా అక్కది పగ కాదు. మీ తాత, అంటే మా బావ, కోత మిల్లులో పనిచేసేవాడు. నేనూ అక్కడే, దుంగలు దొర్లించే పని. బావే పెట్టించాడు, లేకపోతే నాలాంటి మొద్దుకి పనెవడిస్తాడు. ఒకరోజు భోజనాలయ్యాక రంపం ఆపి, బావ కిందికి దిగి గ్రీజు పెడుతున్నాడు. స్విచ్చి దగ్గర రంపం మేస్త్రి. కిందున్నవాడు 'వెయ్యి' అని కేక పెడితేనే స్విచ్చి వెయ్యాలి. కేక రాలేదు. మేస్త్రి వేసేశాడు. తర్వాత చూసింది నీకు చెప్పనులే. మీ అమ్మకి అప్పటికి మాటలు కూడా సరిగ్గా రాలేదు. విచారణలో మేస్త్రి, 'వాడే వెయ్యమన్నాడండీ, నా చెవులతో విన్నాను' అన్నాడు. నన్నడిగితే, 'రంపం మోతలో నాకేం వినపడలేదండీ' అన్నాను. ఆగిన రంపానికి మోతెక్కడిదని ఒక్కడూ అడగలేదు. మేస్త్రి యజమానికి బావమరిది. నా ఇంట్లో పసిబిడ్డ. సరే, బావ తన చావు తనే తెచ్చుకున్నాడని రాసేశారు.

మేస్త్రీ మేమూ ఒకటే చర్చి సంఘం. పాస్టరుగారు, 'క్షమించెయ్యమ్మా, ప్రభువు చూసుకుంటాడు' అనేవారు. మంచాయనే పాపం, గొడవంటే భయం. అక్క ఏమందో తెలుసా, 'ఆ తప్పు మా ఆయన మీద పడుంది అయ్యగారూ. ఎవరిది వాళ్లు తీసుకుంటే కదా నేను క్షమించేది' అంది. తప్పు చేసినవాడి దగ్గరికి ముందు ఒంటరిగా వెళ్లమన్నాడు కదా ప్రభువు, వెళ్లింది. మేస్త్రి మొహం మీదే తలుపేశాడు. రెండోసారి సాక్షితో వెళ్లాలి. నన్ను తీసుకెళ్లింది. మేస్త్రి గుమ్మంలో నిలబడి గడ్డం గోక్కుంటూ, 'మీ తమ్ముడు అక్కడే ఉన్నాడుగా, అడుగు' అన్నాడు. నేను నా చెప్పులు చూసుకుంటున్నాను. అక్క నావైపు చూసింది, ఎక్కువసేపేం కాదు. 'పద తమ్ముడూ' అంది. దారంతా మీ అమ్మ దగ్గు గురించే మాట్లాడింది. ఆ ఆదివారం నుంచి ప్రభువు బల్లలో, అదే చర్చిలో ఆయన పేరున అందరం రొట్టె పంచుకునేటప్పుడు, పళ్లెం వస్తే తీసుకునేది కాదు, పక్కకి దాటించేది. పక్కనుండేది నేనే, మాది ఒకే బెంచీ. పాస్టరుగారు అడిగితే, 'మనసులో లేని శాంతి సమాధానం ఉన్నట్టు నటించి ఆ రొట్టె మింగలేనండీ' అంది. అందరూ మేస్త్రి గురించే అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను, అనుకోవాలనుకున్నాను.

పదకొండేళ్లకి మేస్త్రికి పక్షవాతం వచ్చింది. పెళ్లాం అప్పటికే పోయింది, చూసే దిక్కు లేదు. అక్క వెళ్లి ఒళ్లు తుడిచి, దుప్పట్లు ఉతికేది. ఇష్టంగా కాదు సుమా. 'ముట్టుకుంటే ఒళ్లు జలదరిస్తుందిరా. గుమ్మం ముందు ప్రార్థన చేసుకుని గానీ లోపలికి అడుగు పెట్టలేను' అనేది. ఒకరోజు నేనూ ఉన్నాను. మేస్త్రి వంకరపోయిన నోటితో, 'అతను కేక పెట్టలేదమ్మా. నేనే తొందరపడ్డాను' అన్నాడు. అక్క గుడ్డ పిండుతూ ఉండిపోయింది. పిండిందే పిండుతోంది. చాలాసేపటికి, 'సరేనయ్యా. నీ మీద నాకింకేం లేదు' అంది. మర్నాడు పాస్టరుగారిని మేస్త్రి ఇంటికి పిలిపించి, ఆయన ముందు అదే మాట మళ్లీ చెప్పించింది. బావ మీద మచ్చ పోయింది. ఆ నెలలోనే మేస్త్రీ పోయాడు.

పాస్టరుగారి ముందు చెప్పించిన రోజు, మేస్త్రి ఇంటి నుంచి వస్తుంటే అక్క దారిలో ఆగింది. 'నువ్వేమైనా చెప్పాల్సింది ఉందా తమ్ముడూ?' అంది, ఉప్పుందా పప్పుందా అన్నంత మామూలుగా. 'ఏముంటుందక్కా' అన్నాను. తలూపి నడిచింది. ఆ ఆదివారం అందరూ మెడలు చాచి చూస్తున్నారు, ఇవాళ తీసుకుంటుందని. పళ్లెం వచ్చింది. అక్క రెండు చేతులా పట్టుకుని, కాసేపు అలాగే ఉండి, నాకందించింది. ముందు సహోదరుడితో సమాధానపడి, రాజీపడి, అప్పుడు రమ్మన్నాడు కదా ప్రభువు. వాళ్లకి సహోదరుడంటే మేస్త్రి. ఇంకా ఆరేళ్లు బతికింది. నా పిల్లలకి జ్వరాలొస్తే తనే చూసేది, నాతో ఒక్కనాడు పరుషంగా మాట్లాడలేదు. మళ్లీ అడగనూ లేదు. పళ్లెం మాత్రం వచ్చినప్పుడల్లా నాకే అందించేది.

నేనా? తీసుకునేవాణ్ణి. అందరూ చూస్తుంటే ఏం చేస్తానమ్మా.

తలుపు చప్పుడైంది, మీ అమ్మ వచ్చినట్టుంది. వెళ్లి ఆ సంచులు అందుకో.