తెర వెనక గొంతు

డెన్మార్క్‌లో సముద్రపొడ్డున ఖరీదైన స్పీకర్లు చేసే ముసలాయన దగ్గరికి, వాటికి పేర్లు పెట్టే కంపెనీ అమ్మాయి వచ్చింది.

"మాస్టారూ, కొత్తదానికి కూడా 'రిఫరెన్స్' అనే ఖాయం చేశాం."

"వద్దమ్మాయ్. అసలు గొంతుతో సరిచూశామని ఆ మాటకి అర్థం. దీనికది చెల్లదు."

"పాతవాటన్నిటికీ అదే పేరుగా!"

"అప్పుడు మా ఆవిడ గెర్దా ఉండేది. ఆ తెర వెనక స్పీకరు పక్కనే కూర్చుని, రొట్టె చేసే విధానం చదివేది. ఒకసారి తను, ఒకసారి తన రికార్డింగు. ఏది ఏదో నేను పోల్చుకోలేకపోతేనే స్పీకరు బయటికెళ్లేది."

"మరి దీనికి?"

"రికార్డింగుంది. మనిషేదీ?"

"పోనీ 'సిగ్నేచర్' అందామా?"

"అనుకో. ఆ మాట ఏమీ చెప్పదు గనక అబద్ధమూ ఆడదు."

"కోప్పడకండి. ఒక్కసారి వినిపించరూ?"

ఆయన మీట నొక్కాడు. పిండిలో ఉప్పు మరిచిపోవద్దని తెర వెనక నుంచి ఓ ఆడగొంతు హెచ్చరించింది.

"అబ్బ! అచ్చం మనిషి ఉన్నట్టే ఉంది. తెర తియ్యనా?"

"తియ్యకు తల్లీ. తను పోయాక నేనింతవరకూ తియ్యలేదు."