వెనక సీట్లో లారీ డ్రైవరు

లైసెన్సు ఆఫీసు మెట్లు దిగి లారీ డ్రైవరు గబగబా వస్తున్నాడు. కింద స్కూటరు పక్కన అతని భార్య రెండు హెల్మెట్లు పట్టుకుని ఎదురుచూస్తోంది.

“ఏమన్నారండీ లోపల?”

“సస్పెన్షన్ ఎత్తేశారు! రేపట్నుంచి లారీ ఎక్కొచ్చు.”

“హమ్మయ్య! ఇవిగో తాళాలు. స్కూటరు కూడా ఇక మీరే నడపండి. అంత లారీ తోలే మనిషి పెళ్లాం భుజం పట్టుకుని కూర్చుంటున్నాడని వీధంతా ఒకటే నవ్వు.”

“నవ్వుకోనీ. నువ్వే నడుపు.”

“భయమా? స్కూటరు మీద ఎర్ర లైటు దాటితే లారీ లైసెన్సు పోయిందని?”

“అదీ ఉందనుకో. మళ్లీ దొరికితే ఏడాదిపాటు ఇంట్లోనే. కానీ అందుక్కాదే. ఇన్నేళ్లూ రోడ్డు తప్ప ఇంకేం చూశాను? మన వీధి మలుపులో మేడ మీద ఎవరో అన్ని పావురాల్ని పెంచుతున్నారని నీ వెనక కూర్చున్నాకే తెలిసింది.”

“అబ్బో! ఇంకేం చూశారేంటి?”

“ఇందాక వస్తూ నువ్వు ఎర్ర లైటు దాటేయడం చూశాను.”

“అది నా లైసెన్సు మీద పడుతుంది లెండి, మీ లారీకేం కాదు. ఎక్కండి, క్లీనరు గారూ!”