చదవని పేరు

రెండు కళ్ళకూ కట్టుతో యార్క్‌షైర్ ఆసుపత్రిలో పడున్న హాల్‌రాయిడ్ మాస్టారికి, నర్సు రోవన్ రోజూ పేపరు చదివి పెడతారు. రోవన్ తనను ఆమె అనీ అతను అనీ కాక, ఇంగ్లీషులో 'దే', అంటే 'వాళ్ళు', అనమంటారని పక్కమంచం ఆయన నిన్ననే చెప్పాడు.

"పాఠకుల ఉత్తరాలు చదవనా?"

"వద్దులే. క్రికెట్ సంగతి చూడు."

"రోజూ ముందు ఇవే అడుగుతారుగా! వినండి. 'మగో ఆడో తేల్చుకోలేని వాళ్ళ కోసం భాషను భ్రష్టు పట్టిస్తామా? ఒక్క మనిషిని "దే" అనాలట! నలభై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పిన నోరు నాది...'"

"చాలు, ఆపు."

"ఒక్క ముక్కే ఉందండీ. 'చచ్చినా ఆ మాట పలకదు.'"

రోవన్ గబుక్కున పేపరు మడిచిన చప్పుడైంది.

"కింద పేరుందా?" అన్నాడు మాస్టారు.

"వేయలేదండీ."

పేరు లేని ఉత్తరం ఆ పేపరువాళ్ళు అచ్చెయ్యరని మాస్టారికి తెలుసు. మూడు వారాల కిందట సంతకం పెట్టి, ఊరి పేరుతో సహా రాసి పోస్టులో వేసింది తనే.

"రోవన్... అది రాసింది..."

"ఎవరైతే ఏంలెండి. సూప్ చల్లారిపోతోంది, నోరు తెరవండి."

నలభై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పిన నోరు, చెంచా కోసం తెరుచుకుంది.